మూడో అంతస్తు ఫ్లాట్ హాల్లో 5.1 హోం థియేటర్: ఏ స్పీకర్లు తీసుకోవాలి, సబ్‌వూఫర్ ఎక్కడ పెట్టాలి?

మియాపూర్_మూడోఅంతస్తు:

అందరికీ నమస్కారం. హైదరాబాద్ మియాపూర్‌లో మూడో అంతస్తులో ఫ్లాట్ తీసుకున్నాము. ప్రస్తుతం లోపలి పనులు నడుస్తున్నాయి. గోడలు తొలిచి పైపులు వేసేవారు, ఫాల్స్ సీలింగ్ వేసేవారు త్వరలో రానున్నారు కాబట్టి, వారు వచ్చేలోపు హాల్లో పెట్టదలచిన హోం థియేటర్ సంగతి తేల్చుకోవాలని ఈ ప్రశ్న రాస్తున్నాను.

హాలు తూర్పు పడమరలుగా 16 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 12 అడుగులు, స్లాబు వరకు ఎత్తు 9.5 అడుగులు. తూర్పు గోడకు 65 అంగుళాల టీవీ వస్తుంది. ఉత్తరం గోడ మధ్యలో బాల్కనీలోకి తెరుచుకునే అద్దాల స్లైడింగ్ తలుపు ఉంది. దక్షిణం వైపు ముందు సగం గోడే గానీ, వెనక సగంలో డైనింగ్‌లోకి ఆరడుగుల వెడల్పున తలుపు లేని దారి ఉంది. సోఫాను పడమటి గోడకు ఆనించి వేయాలని మొదటి నుంచి అనుకుంటున్నాము. కింద విట్రిఫైడ్ టైల్స్, చుట్టూ ఇటుక గోడలు, సిమెంటు ప్లాస్టరింగు.

స్పీకర్లన్నిటికీ శబ్దాన్ని పంచి ఇచ్చే రిసీవరుతో కలిపి మూడు లక్షల రూపాయల వరకు పెట్టగలను. నేను వెళ్లిన ఒక షోరూములో ఒక జత టవర్ (నేల మీద నిలబెట్టే పొడవాటి) స్పీకర్లు, టీవీ దగ్గర మధ్యలో పెట్టే ఒక చిన్న సెంటర్ స్పీకర్, వెనక నుంచి శబ్దం ఇచ్చే రెండు సరౌండ్లు, బేస్ (లోతైన కింది శబ్దం) కోసం 12 అంగుళాల సబ్‌వూఫర్ ఒకటి తీసుకోమన్నారు. 5.1 అంటే ఈ అయిదు స్పీకర్లూ, ఒక సబ్. టీవీకి ఎడమ పక్క మూలలో సబ్ పెడితే మోత బాగా వస్తుందని కూడా చెప్పారు. మా హాలుకు అది ఈశాన్యం మూల. అక్కడ బరువైన వస్తువు ఉంచడానికి మా అమ్మగారు ఒప్పుకోరు, ఆవిడ మాట దాటే ఉద్దేశం నాకు లేదు.

నా సందేహాలు ఇవి. టవర్లు నిజంగా అవసరమా, చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు సరిపోతాయా? ఈశాన్యం వదిలేస్తే సబ్‌కు తగిన చోటు ఏది? కుడివైపు వెనక గోడే లేనప్పుడు సరౌండ్ స్పీకర్ ఎక్కడ బిగించాలి? కింది ఫ్లాట్‌లో పెద్దవయసు దంపతులు ఉంటారు, వారికి ఇబ్బంది కలగకుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? మేము ఎక్కువగా చూసేది తెలుగు సినిమాలు, అందులోనూ ఓటీటీలో. మాటలు స్పష్టంగా వినిపించడం మా ఇంట్లో అందరికీ ముఖ్యం.

తెనాలి_శ్రోత:

స్పీకర్ల ఎంపిక గురించి మాత్రం నేను చెబుతాను. సబ్ గురించి నాకంటే బాగా తెలిసినవారు ఈ చర్చలో ఉన్నారు.

సబ్‌వూఫర్ ఉన్న చోట టవర్ల అవసరం చాలావరకు తగ్గిపోతుంది. రిసీవరులో ప్రతి స్పీకరునూ ‘స్మాల్’ అని పెట్టి, క్రాసోవర్‌ను (స్పీకర్లకూ సబ్‌కూ శబ్దాన్ని పంచే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర ఉంచితే, అంతకు కింది శబ్దమంతా సబ్‌కే వెళుతుంది. ఆ అంకె ఊరికే పుట్టలేదు. 80 హెర్ట్జ్ కంటే కింది శబ్దం ఏ దిక్కు నుంచి వస్తున్నదో మన చెవి పసిగట్టడం కష్టం కాబట్టే టీహెచ్‌ఎక్స్ అనే సినిమా ధ్వని ప్రమాణంలో దానిని స్థిరపరిచారు. టవర్‌లో అదనంగా ఉండే వూఫర్లు (కింది శబ్దాన్ని ఇచ్చే పెద్ద కోన్లు) చేసే పనిలో సింహభాగం ఆ గీతకు కిందనే ఉంటుంది. ఆ డబ్బు సెంటర్ స్పీకరుకూ సబ్‌కూ మళ్లిస్తే మీకు దక్కే ఫలితం ఎక్కువ. పైగా ఎడమ స్పీకరు మీ ఈశాన్యం మూలకు దగ్గరగా వస్తుంది. గోడకు బ్రాకెట్ వేసి బుక్‌షెల్ఫ్ స్పీకరు బిగిస్తే ఆ మూలలో నేల మీద ఏ బరువూ ఉండదు, అమ్మగారికీ అభ్యంతరం ఉండకపోవచ్చు.

మీరు మాటల స్పష్టతను ప్రత్యేకంగా అడిగారు కాబట్టి సెంటర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. సినిమాలో సంభాషణ దాదాపు పూర్తిగా సెంటర్ ఛానెల్ నుంచే వస్తుంది. షోరూములో చూపించిన చిన్న సెంటర్, రెండు వూఫర్లను అడ్డంగా పేర్చి మధ్యలో ట్వీటర్ (సన్నని పై శబ్దాన్ని ఇచ్చేది) ఉంచిన రకం అయి ఉంటుంది. ఆ నిర్మాణంలో నేరుగా ఎదురుగా కూర్చున్నవారికి మాట బాగానే వినిపిస్తుంది గానీ, సోఫా అంచున కూర్చున్నవారికి రెండు వూఫర్లూ వేర్వేరు దూరాల్లో పడటం వల్ల మధ్యస్థాయి శబ్దం కొన్ని పౌనఃపున్యాల దగ్గర ఒకదానినొకటి రద్దు చేసుకుంటుంది. మాటలు నలిగినట్టు వినిపించడానికి కారణం చాలా ఇళ్లలో ఇదే. అవకాశం ఉంటే ముందు వరుసలో మూడూ ఒకే నమూనా బుక్‌షెల్ఫ్ స్పీకర్లు తీసుకొని, మధ్యదానిని కూడా నిలువుగానే ఉంచండి. టీవీని నాలుగైదు అంగుళాలు పైకి జరపవలసి వస్తే జరపండి. అలా కుదరదంటే మధ్యలో ట్వీటరునూ మిడ్‌రేంజినీ (మధ్యస్థాయి శబ్దాన్ని ఇచ్చేది) ఒకదానిపై ఒకటి నిలువుగా అమర్చిన మూడు దారుల (త్రీ-వే) సెంటర్ తీసుకోండి. ఏది తీసుకున్నా టీవీ యూనిట్ పలక లోపలికి నెట్టవద్దు. స్పీకరు ముఖం పలక అంచుకు సమంగా ఉండాలి, కూర్చున్నవారి చెవి వైపు కొద్దిగా పైకి వాలి ఉండాలి.

సామర్థ్యం విషయంలో వాట్ల అంకె కంటే సెన్సిటివిటీ, అంటే ఒక వాటుకు మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్ల శబ్దం వస్తుందో, చూడండి. 87 డెసిబెళ్ల స్పీకరుకు 50 వాట్లు ఇస్తే మీటరు దూరంలో 104 డెసిబెళ్లు వస్తుంది. మూడు మీటర్ల దూరంలో అది తొంభై అయిదుకు చేరినా, గది గోడల నుంచి తిరిగివచ్చే శబ్దం కొంత కలుస్తుంది. థియేటర్ ప్రమాణంలో ఒక్కో ఛానెల్ శిఖరం 105 డెసిబెళ్లు. ఇళ్లలో ఎవరూ ఆ స్థాయిలో వినరు, పది పదిహేను డెసిబెళ్లు తగ్గించే చూస్తారు. కాబట్టి మధ్యస్థమైన రిసీవరు మీకు చాలు. మంచి పేరున్న ఏ కంపెనీ అయినా సరే, ముందున్న మూడూ ఒకే శ్రేణివి అయితే వాహనం ఎడమ నుంచి కుడికి వెళ్లేటప్పుడు దాని శబ్దం రంగు మారదు. అన్నిటికంటే ముందు చూడవలసినది ఇదే.

ధ్వనిమాపకుడు:

తెనాలి గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. అయితే మీరు కొనవలసిన వస్తువుల కంటే ముందు నిర్ణయించవలసినది సోఫా స్థానం. మిగతావన్నీ దానిని బట్టే వస్తాయి.

గదిలో బేస్ ఎలా ప్రవర్తిస్తుందో ఒకసారి చూద్దాం. సమాంతరంగా ఉన్న రెండు గోడల మధ్య, ఆ దూరానికి సరిపోయే పౌనఃపున్యం దొరికినప్పుడు గాలి తొట్టిలో నీళ్లలాగా అటూ ఇటూ ఊగుతుంది. చివరల్లో నీటి మట్టం బాగా లేచి పడుతుంది, నడిమధ్యలో కదలనట్టే ఉంటుంది. శబ్దపీడనం కూడా గోడల దగ్గర గరిష్ఠంగా, మధ్యలో అతి తక్కువగా ఉంటుంది. శబ్దవేగం సెకనుకు సుమారు 1130 అడుగులు. దానిని గది పొడవుకు రెండింతలతో భాగిస్తే మొదటి పౌనఃపున్యం వస్తుంది. మీ 16 అడుగుల పొడవుకు అది సుమారు 35 హెర్ట్జ్, దాని రెట్టింపు 70. వెడల్పు 12 అడుగులకు 47, ఎత్తుకు 59 లేదా 60. డైనింగ్ వైపు తెరిచి ఉండటం వల్ల ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి గానీ లెక్క దారి తప్పదు.

ఇప్పుడు సోఫాను పడమటి గోడకు ఆనిస్తే ఏమవుతుందో చూడండి. పొడవుకు సంబంధించిన ప్రతి పౌనఃపున్యానికీ పీడనం గరిష్ఠంగా ఉండే చోట మీ తల ఉంటుంది. 35 దగ్గరా 70 దగ్గరా బేస్ ఉబ్బిపోయి, ఏ డప్పు కొట్టినా ఒకే మోతగా సాగుతుంది. చాలామంది దానినే మంచి బేస్ అనుకుంటారు. నిజానికి అందులో డప్పుకూ డ్రమ్ముకూ తేడా పోతుంది, ఆ మోత కింద మాటలు మునిగిపోతాయి. సోఫాను సరిగ్గా గది మధ్యకు, అంటే ఎనిమిది అడుగులకు తెస్తే 35 హెర్ట్జ్ మాయమవుతుంది. పొడవులో మూడింట రెండు వంతుల దగ్గర, అంటే వెనక గోడ నుంచి చెవి సుమారు అయిదుంపావు అడుగుల దూరంలో ఉండేలా కూర్చుంటే 35, 70 రెండూ ఒక మోస్తరు స్థాయిలో ఉంటాయి, ఏదీ పూర్తిగా పోదు. మీ హాలుకు ఇందులో మరో లాభం ఉంది. బాల్కనీ నుంచి డైనింగ్‌కు నడిచే దారి సోఫా వెనక నుంచి వెళుతుంది, సినిమా చూస్తుండగా టీవీకి అడ్డంగా ఎవరూ నడవనక్కర్లేదు. పైగా టీవీ పదమూడు, పద్నాలుగు అడుగుల దూరంలో ఉండటం కంటే పదిన్నర అడుగుల దగ్గర ఉండటం 65 అంగుళాల తెరకు మేలు.

ఆ స్థానం నుంచి ముందు స్పీకర్ల లెక్క సులభం. సినిమా ధ్వని సంస్థ డాల్బీ సూచించేది మధ్యరేఖ నుంచి ఒక్కో వైపు 22 నుంచి 30 డిగ్రీల కోణం. మీకు రెంటి మధ్య ఎడం ఎనిమిది అడుగులు పెడితే 23 డిగ్రీలు వస్తుంది, పక్క గోడలకు రెండేసి అడుగులు మిగులుతుంది. ట్వీటర్ కూర్చున్నవారి చెవి ఎత్తులో, అంటే నేల నుంచి మూడడుగులు లేదా మూడడుగుల రెండు అంగుళాలు ఉండాలి. స్పీకర్లను గోడకు దూరంగా లాగాలని పుస్తకాల్లో రాస్తారు గానీ, మీటరు దూరం లాగితే వెనక గోడ నుంచి తిరిగివచ్చే శబ్దం సుమారు 86 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దాన్ని కోసేస్తుంది. అది సరిగ్గా మన క్రాసోవర్ పక్కనే. మీ హాల్లో స్పీకరు వెనక ఎనిమిది పది అంగుళాలు వదిలి గోడ దగ్గరే ఉంచడం మంచిది.

ఇక సబ్. షోరూమువారు మూల అనడంలో అబద్ధమేమీ లేదు, మూలలో పెడితే మోత ఎక్కువగానే వస్తుంది. గదిలోని ఊపులన్నిటికీ మూలలోనే గరిష్ఠ పీడనం ఉంటుంది కాబట్టి, అక్కడి నుంచి అన్నిటినీ ఒకేసారి రెచ్చగొట్టవచ్చు. మన ఇటుక గోడల గదుల్లో వద్దనుకునేది సరిగ్గా అదే. కాబట్టి ఈశాన్యం వదిలేయడం వల్ల మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. నేనైతే రెండు సబ్‌లు తీసుకొని, ఒకటి తూర్పు గోడ మధ్యలో టీవీ యూనిట్ పక్కన, రెండోది పడమటి గోడ మధ్యలో సోఫా వెనక పెడతాను. గోడ మధ్యలో ఉన్న సబ్ వెడల్పుకు చెందిన 47 హెర్ట్జ్ ఊపును కదిలించలేదు. ఎదురెదురు గోడల వద్ద ఉన్న రెండు సబ్‌లు పొడవుకు చెందిన 35 ఊపును వ్యతిరేక దిశల్లో నెట్టి అణచివేస్తాయి. హర్మన్ అనే ఆడియో సంస్థలో టాడ్ వెల్టీ 2002లో ఎన్ని సబ్‌వూఫర్లు సరిపోతాయన్న ప్రశ్న మీదే పరిశోధన పత్రం సమర్పించారు. ఎదురెదురు గోడల మధ్యబిందువుల వద్ద రెండు సబ్‌లు పెట్టడం అందులో మంచి ఫలితమిచ్చిన అమరికల్లో ఒకటి. దీని విలువ మధ్యలో కూర్చున్న ఒక్కరికే కాదు. సోఫాలో ముగ్గురూ దాదాపు ఒకే బేస్ వింటారు. కుటుంబమంతా కలిసి చూసే ఇంట్లో నాకు ఇంతకంటే పెద్ద ప్రయోజనం కనిపించదు.

మూడు లక్షల్లో లక్షకు తగ్గకుండా రెండు సబ్‌లకు కేటాయించండి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే పీక్ వాట్లు పక్కన పెట్టి, ఎన్ని హెర్ట్జ్ వరకు మూడు డెసిబెళ్లకు మించి తగ్గకుండా దిగుతుందో అడగండి. సినిమాలో బేస్ కోసమే ఉన్న ‘.1’ ఛానెల్ (ఎల్‌ఎఫ్‌ఈ) 120 హెర్ట్జ్ వరకు ఉంటుంది, మిగతా ఛానెళ్ల కంటే దానికి పది డెసిబెళ్ల అదనపు జాగా ఉంది. మీరు అన్ని స్పీకర్లనూ స్మాల్ చేస్తే వాటి బేస్ కూడా ఈ పెట్టెల మీదే పడుతుంది. అంత బరువు మోయవలసినది ఇదే కాబట్టి ఇక్కడ పొదుపు చేయవద్దు.

డాలస్_తెలుగు:

నేను టెక్సస్‌లో ఉంటాను, కాబట్టి గోడల గురించి ఒక మాట. ఇక్కడి ఇళ్లలో లోపలి గోడ అంటే చెక్క చట్రానికి రెండు వైపులా బిగించిన జిప్సం బోర్డు. అతి కింది బేస్ ఆ బోర్డును కదిలించి కొంత అందులోనే ఖర్చయిపోతుంది, కొంత బయటికి జారుతుంది. మా అత్తగారింట్లో, విజయవాడలో, తొమ్మిది అంగుళాల ఇటుక గోడల మధ్య అదే పరిమాణం గల సబ్ విన్నప్పుడు మోత ఎంతసేపు నిలిచిందో ఇప్పటికీ గుర్తుంది. అమెరికా వీడియోల్లో చెప్పే సబ్ పరిమాణాలు, అమరికలు మన గదులకు యథాతథంగా నప్పవు. మన దగ్గర బేస్ తక్కువైందనే సమస్య అరుదు, ఒకే చోట పోగుపడటమే అసలు సమస్య.

ధ్వనిమాపకుడు గారితో ఒక్క విషయంలో మాత్రం విభేదిస్తాను. 35 హెర్ట్జ్ దగ్గరే చతికిలపడే రెండు చవక సబ్‌లు, 20 వరకు దిగే ఒక మంచి సబ్‌కు సాటి రావు. మీ హాలు డైనింగ్‌లోకి తెరిచి ఉంది కాబట్టి సబ్ నింపవలసిన గాలి హాలు వరకే కాదు, డైనింగ్ కూడా లెక్కలోకి వస్తుంది. హాలు ఒక్కటే 1800 ఘనపుటడుగులు దాటుతోంది. రెండు మంచివి ఇప్పుడే కొనలేకపోతే ముందు ఒక మంచిది కొని గోడ మధ్యలో పెట్టండి, వెనక గోడ వరకు తీగ మాత్రం ఇప్పుడే వేయించండి. తరవాత అదే నమూనా రెండోది తెచ్చుకోవచ్చు. వేర్వేరు నమూనాలు, ముఖ్యంగా ఒకటి మూసిన పెట్టె, ఇంకొకటి రంధ్రం ఉన్న పెట్టె అయితే వాటిని కలిపి సర్దడం చాలా కష్టం. మూసిన పెట్టె కిందికి దిగేకొద్దీ అష్టకానికి (పౌనఃపున్యం సగమయ్యే ప్రతిసారీ) 12 డెసిబెళ్ల చొప్పున మెల్లగా తగ్గుతుంది. రంధ్రం ఉన్నది తన హద్దు వరకు బలంగా ఉండి, ఆ కింద 24 చొప్పున తెగిపోతుంది. తెరిచి ఉన్న హాలుకు నేను రంధ్రం ఉన్నదానినే ఎంచుకుంటాను.

పైపులు_తీగలు:

ఇళ్లలో తీగలు వేయడం నా వృత్తి. మీ పనులు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి ఈ నాలుగు మాటలు ఇప్పుడే ఉపయోగపడతాయి.

స్పీకరు తీగల పైపు, కరెంటు తీగల పైపు వేర్వేరుగా ఉండాలి. ఒకే పైపులో రెండూ లాగితే పని త్వరగా అవుతుందని మేస్త్రీ అంటారు, ఒప్పుకోవద్దు. అంగుళం పైపు వేయించి, మలుపులు తక్కువ పెట్టించి, లోపల లాగుడు తీగ వదిలేయమనండి. తీగ పూర్తి రాగిదై ఉండాలి. అల్యూమినియానికి రాగి పూత పూసినది పైకి అలాగే కనిపిస్తుంది, చివర కొంచెం గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. మీ దూరాలకు 14 గేజీ చాలు. ప్రతి సబ్ దగ్గరా ఒక ప్లగ్ పాయింటు, రిసీవరు దగ్గర నుంచి ఒక సబ్ కేబుల్ దారి ఉంచండి. ఇది మరిచిపోయి తరవాత టైల్స్ అంచున కేబుల్ అంటించుకునే ఇళ్లు నేను చాలా చూశాను.

సరౌండ్ స్పీకర్లు చెవికి కొంచెం వెనకగా, 110 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలని ప్రమాణం. మీకు కుడివైపు అక్కడ గోడ లేదు. ఎడమది అద్దాల తలుపు పక్క గోడకు, కుడిది వెనక గోడకు బిగించి సరిపెట్టే పని చేయవద్దు. రెండు వైపులా ఒకేలా ఉండకపోతే వెనక శబ్దం ఒక పక్కకే లాగుతుంది. రెంటినీ పడమటి గోడకే, ఎంత వీలైతే అంత ఎడంగా బిగించి, సోఫా వైపు తిప్పండి. కోణం 130 దాటుతుంది, పక్కల నుంచి వచ్చే అనుభూతి కొంత తగ్గుతుంది, అయినా ఎడమ కుడి సమానంగా ఉంటాయి. స్లాబుకు యాంకర్ బోల్టు వేసి రాడ్డుతో కిందికి దింపి సరైన కోణంలో వేలాడదీసే పద్ధతీ ఉంది. ఇంట్లోవారికి కంటికి నచ్చితే అదే మేలు.

ఫాల్స్ సీలింగ్‌లో అట్మాస్ (పై నుంచి శబ్దం ఇచ్చే) స్పీకర్లకు తీగలు ఇప్పుడే వేసి ఉంచండి, స్పీకర్లు తరవాత పెట్టుకోవచ్చు. టవర్ల మీద పెట్టి పైకి శబ్దం కొట్టే రకం మీకు పనికిరాదు. దానికి చదునైన కప్పు కావాలి, మీ సీలింగుకు లైట్ల గాడులు వస్తాయి కదా. జిప్సం పలకల చట్రానికి స్క్రూలు దగ్గరదగ్గరగా వేయించండి, లేకపోతే సబ్ మోగినప్పుడల్లా చట్రం గలగలమంటుంది. అద్దాల తలుపు పట్టాల్లో బ్రష్ పట్టీ వేయిస్తే దాని అదురూ తగ్గుతుంది.

మియాపూర్_మూడోఅంతస్తు:

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవి ఖాళీ హాల్లోనే పరీక్షించి చూశాను. మా పాత 2.1 సెట్‌లోని సబ్‌ను తూర్పు గోడ మధ్యలో ఉంచి, ఫోన్‌లో ఒక యాప్ నుంచి ఒక్కో పౌనఃపున్యం మోగిస్తూ, కుర్చీ జరుపుకుంటూ కూర్చున్నాను. 35 దగ్గర ఆ పాత సబ్‌కు శక్తి చాలలేదు. 70 దగ్గర మాత్రం మీరు చెప్పినదంతా చెవికి తెలిసింది. పడమటి గోడకు ఆనుకొని కూర్చుంటే గుండెల్లో మోగింది. నాలుగు అడుగులు ముందుకు జరిగేసరికి సబ్ ఆగిపోయిందా అని లేచి చూడవలసి వచ్చింది. మరో అడుగున్నర జరిగితే మళ్లీ వినిపించింది.

సబ్‌ను ఆగ్నేయం మూలకు మార్చి 47 పెట్టినప్పుడు బాల్కనీ గోడ దగ్గర విపరీతమైన మోత, మధ్యలో దాదాపు నిశ్శబ్దం. అయితే ఆ నిశ్శబ్దపు గీత సరిగ్గా మధ్యలో లేదు, డైనింగ్ వైపు సుమారు అడుగు జరిగి ఉంది. సబ్‌ను మళ్లీ గోడ మధ్యకు తెచ్చాక రెండు వైపులా చాలావరకు ఒకేలా అయింది.

నా ఇబ్బంది ఏమిటంటే, సోఫా వెనక నాలుగున్నర అడుగులు వదిలితే హాలు చిన్నదైపోతుందని ఇంట్లో అంటున్నారు. మూడు, మూడున్నర అడుగుల వరకు ఒప్పుకుంటారు. అలా చేస్తే సరిగ్గా ఆ 70 పోయే చోటనే చెవి వస్తుంది కదా. దానిని రిసీవరులోని ఆటోమేటిక్ కరెక్షన్ (మైకుతో గదిని కొలిచి శబ్దాన్ని సర్దే ఏర్పాటు) సరిచేయగలదా? రెండు సబ్‌లు పెట్టాలని నిర్ణయించుకున్నాను. కింది ఇంటివారి విషయం కూడా ఎవరైనా చెప్పగలరు.

ధ్వనిమాపకుడు:

మీరు విన్నది అక్షరాలా లెక్క చెప్పినట్టే ఉంది. రెండో ఊపు (70 హెర్ట్జ్) పీడనం గోడ నుంచి పొడవులో నాలుగో వంతు దగ్గర, అంటే నాలుగు అడుగుల దగ్గర సున్నా అవుతుంది. 47 గీత పక్కకు జరగడానికి కారణం డైనింగ్ దారి. ఆ వైపు గది ఇంకా కొంత వెడల్పుగా ఉన్నట్టే గాలికి తెలుస్తుంది.

ఇలా శబ్దం పోయే గుంటను ఈక్వలైజరుతో (ఒక్కో పౌనఃపున్యాన్ని పెంచి తగ్గించే సర్దుబాటు) పూడ్చలేరు. అక్కడ మీరు ఎంత శక్తి పెంచినా, నేరుగా వచ్చేదీ తిరిగివచ్చేదీ రెండూ కలిసే పెరిగి, మళ్లీ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. సబ్ మాత్రం అనవసరంగా అలిసిపోతుంది. ఆడిస్సీ, డిరాక్, యమహావారి వైపీఏఓ వంటి ఆటోమేటిక్ కరెక్షన్ పద్ధతులు ఉబ్బులను తగ్గించడంలో చాలా బాగా పనిచేస్తాయి, గుంటల దగ్గర వాటికీ హద్దు ఉంది. కాబట్టి మీకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, సోఫా వెనక రెండడుగుల లోపే వదిలి, చెవి గోడకు రెండున్నర మూడు అడుగుల దూరంలో ఉండేలా చూసుకోవడం. అక్కడ 35 ఉబ్బు ఉంటుంది గానీ రెండు సబ్‌ల అమరిక, ఆటోమేటిక్ కరెక్షన్ కలిసి దానిని లొంగదీస్తాయి. రెండోది, తేలికగా జరిగే సోఫా తీసుకొని, సినిమా చూసే సాయంత్రాల్లో అడుగున్నర ముందుకు లాక్కోవడం. అప్పుడు కొలత మాత్రం సినిమా స్థానంలోనే తీసుకోవాలి. నా ఓటు రెండోదానికి.

కింది ఇంటివారి గురించి నిజం చెప్పాలి. సబ్ కింద రబ్బరు పాదాలో, మందపాటి ఫోమ్ పలకో వేస్తే పెట్టె అదురు నేరుగా టైల్స్‌లోకి దిగడం తగ్గుతుంది, అది తప్పకుండా చేయండి. కానీ గాలిలో పుట్టిన 30 హెర్ట్జ్ శబ్దాన్ని అవి ఆపలేవు. అది స్లాబునే కదిలించి కిందికి వెళుతుంది. గోడకు అంటించే సన్నని ఫోమ్ పలకలు, గుడ్ల అట్టలు కూడా బేస్‌ను ఆపవు. వాటి పని ట్వీటర్ శ్రేణి వరకే. రాత్రి తొమ్మిది దాటాక రిసీవరులో డైనమిక్ రేంజ్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా) తగ్గించే రాత్రి మోడ్ వాడండి, సబ్ స్థాయి ఆరు డెసిబెళ్లు దించండి. ఏర్పాటు పూర్తయ్యాక ఒకసారి వారి ఇంట్లో కూర్చుని, పైన మీవాళ్లతో సినిమా వేయించి మీరే వినండి. వాల్యూమ్ అంకె ఎక్కడ ఆపాలో అప్పుడు మీకు తెలుస్తుంది. గోడ మధ్యలో ఉన్న రెండు సబ్‌ల నుంచి ఉబ్బు లేని బేస్ వస్తే, తక్కువ వాల్యూమ్‌లోనే సినిమా నిండుగా వినిపిస్తుంది. కింది ఇంటికి మూల సబ్ కంటే ఇదే తక్కువ బాధ.

మాటల స్పష్టతకు ఇంకొకటి అవసరం. టైల్స్ మీద, స్పీకర్లకూ సోఫాకూ మధ్య, మందపాటి తివాచీ వేయండి. అద్దాల తలుపుకు పలచటి తెర కాకుండా బరువైన మడతల కర్టెన్ పెట్టండి. ఇప్పుడు ఖాళీ హాల్లో చప్పట్లు కొడితే వచ్చే ఆ టంగుమనే ప్రతిధ్వని చాలావరకు పోవాలి.

కొలిచే రోజున ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపండి. మైకును సోఫా వీపు మీద పెట్టవద్దు, ట్రైపాడ్ మీద చెవి ఎత్తులో ఉంచి, చెప్పిన స్థానాలన్నిటిలోనూ తీసుకోండి. సబ్ వెనక ఉన్న క్రాసోవర్ ముడిని చివరికంటా తిప్పండి, లేదా ఎల్‌ఎఫ్‌ఈ అని ఉంటే అందులో పెట్టండి. ఆ పని రిసీవరు చేస్తుంది. కొలత ముగిశాక రిసీవరు ఏదైనా స్పీకరును ‘లార్జ్’ అని రాసుకుంటే స్మాల్‌కు మార్చి, 80 పెట్టండి. సబ్ దూరం మీరు టేపుతో కొలిచినదానికంటే ఎక్కువగా చూపిస్తే దిద్దవద్దు. సబ్ లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని కూడా అది దూరంగానే లెక్కవేస్తుంది.

చివరగా ఫేజ్ పరీక్ష, అంటే సబ్‌ల, స్పీకర్ల శబ్ద అలలు ఒకేసారి లేచి పడుతున్నాయా అని చూడటం. సబ్‌లూ ముందు స్పీకర్లూ కలిపి 80 హెర్ట్జ్ మోగిస్తూ సోఫాలో కూర్చోండి. ఇంకొకరిని ఫేజ్ ముడిని సున్నా నుంచి 180 వరకు నెమ్మదిగా తిప్పమనండి. ఎక్కడ శబ్దం అన్నిటికంటే నిండుగా వినిపిస్తే అక్కడ ఆపండి. రెండు సబ్‌లూ ఉన్నప్పుడు ముందుగా వాటి రెండింటికీ పొత్తు కుదిర్చి, ఆ తరవాతే స్పీకర్లతో చూడాలి. రిసీవరుకు రెండు సబ్‌లను విడివిడిగా కొలిచే వసతి ఉంటే ఆ మొదటి పని అదే చేస్తుంది. కాబట్టి కొనేటప్పుడు వెనక రెండు సబ్ సాకెట్లు ఉన్నాయా అని మాత్రమే కాకుండా, అవి రెండూ స్వతంత్రంగా పనిచేస్తాయా అని అడగండి. కొన్నింటిలో రెండు సాకెట్లున్నా లోపల రెంటికీ ఒకే సంకేతం వెళుతుంది.